హీట్ పంప్ తిప్పలు: గ్రాంట్ ఆగిన దగ్గర్నుంచి ఇల్లు వెచ్చబడని దాకా

"గ్రాంట్ ఇస్తున్నారు కదా అని పెట్టించాం. ఇల్లు వెచ్చబడదు, బిల్లు మాత్రం మండిపోతోంది." బ్రిటన్‌లో గ్యాస్ బాయిలర్ తీయించి, బయటి గాలిలోని వేడిని కరెంటుతో ఇంట్లోకి లాగే హీట్ పంప్ పెట్టించుకున్న మనవాళ్లు చలికాలంలో అనే మాట ఇది. ఇలాంటి ఇళ్లలో మెషిన్ నిజంగా చెడిపోవడం అరుదు. సెట్టింగుల్లోనో, కొలతల్లోనో, కాగితాల్లోనో ఎక్కడో తేడా కొట్టి ఉంటుంది. పంపు పెట్టాక చలి గురించో బిల్లు గురించో వచ్చే ఫిర్యాదుకి ముందు చూడాల్సింది ఒకటే అంకె: ఫ్లో టెంపరేచర్, అంటే పంపు నుంచి రేడియేటర్లకి వెళ్లే నీళ్ల వేడి. దాని దగ్గరికి వెళ్లేముందు డబ్బు సంగతి.

గ్రాంట్ కదలట్లేదు

ఇంగ్లండ్, వేల్స్‌లలో ఉన్నది బాయిలర్ అప్‌గ్రేడ్ స్కీమ్. 2022లో మొదలైంది. బయటి గాలి నుంచి వేడి లాగే పంపుకి మొదట్లో 5,000 పౌండ్లు ఇచ్చేవాళ్లు, 2023 అక్టోబరు 23 నుంచి 7,500 చేశారు. నడిపేది ఆఫ్‌జెమ్, అంటే గ్యాస్, కరెంటు కంపెనీల మీద అజమాయిషీ చేసే ప్రభుత్వ సంస్థ. అప్లై చేద్దామంటే ఫారం ఎక్కడా కనపడట్లేదంటారు చాలామంది. కనపడదు, ఎందుకంటే దరఖాస్తు పెట్టేది పంపు బిగించే ఇన్‌స్టాలర్. డబ్బు కూడా మీ ఖాతాలోకి రాదు, ఆయన మీ బిల్లులో ఆ మేరకు తగ్గిస్తాడు. కాబట్టి కొటేషన్‌లో గ్రాంట్ తీసేయకముందు ధర, తీసేశాక ధర రెండూ విడివిడిగా రాయించుకోండి. ఒక్క అంకె రాసిచ్చి "అన్నీ కలిపే సార్" అంటే ఒప్పుకోకండి.

దరఖాస్తు పెట్టామన్నారు, ఆ తర్వాత చప్పుడు లేదా? ముందు మీ ఈమెయిల్ స్పామ్ ఫోల్డర్ చూడండి. మీ తరఫున ఈయన దరఖాస్తు పెట్టడం మీకు సమ్మతమేనా అని ఆఫ్‌జెమ్ ఇంటి ఓనర్‌ని అడుగుతుంది. ఆ మెయిల్‌కి జవాబివ్వకపోతే ఫైల్ అక్కడే ఉండిపోతుంది.

సరాసరి తిరస్కరిస్తే కారణం చాలావరకు ఈ మూడింట్లో ఒకటి. ఇన్‌స్టాలర్‌కి ఎంసీఎస్ (హీట్ పంపుల్లాంటివి బిగించేవాళ్లకి సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ) గుర్తింపు లేకపోవడం, గ్యాస్ బాయిలర్‌ని ఉంచేసి పక్కన హీట్ పంప్ పెట్టే హైబ్రిడ్ పద్ధతి ఎంచుకోవడం, లేదా బిల్డర్ దగ్గర కొన్న కొత్త ఇల్లు కావడం. సొంతంగా కట్టించుకున్న ఇంటికైతే కొత్తదైనా ఇస్తారు. అటక మీద ఇన్సులేషన్ వేయిస్తేనే గ్రాంట్ అన్న షరతు 2024 మేలో తీసేశారు. పక్కింటి సరిహద్దుకి మీటరు దూరం ఉండాలన్న ప్లానింగ్ నిబంధన ఇంగ్లండ్‌లో 2025 మేలో పోయింది. పాత సమాచారం చూసి "మా ఇంటికి కుదరదట" అని వదిలేసిన వాళ్లు మళ్లీ అడగొచ్చు. కొటేషన్‌లో 20 శాతం వ్యాట్ వేశారేమో కూడా చూసుకోండి. ఇళ్లలో పెట్టే హీట్ పంపులకి 2027 మార్చి 31 దాకా వ్యాట్ సున్నా.

ఇంకో చిక్కు వోచర్ గడువు. దరఖాస్తు ఒప్పుకున్నాక ఆఫ్‌జెమ్ ఇన్‌స్టాలర్‌కి ఇచ్చేదే వోచర్. గాలి పంపుకి వోచర్ మూడు నెలలే చెల్లుతుంది. ఈలోగా మీటరు దగ్గర మెయిన్ ఫ్యూజు పంపుకి చాలకపోయే 60 ఆంపియర్లదేనని, లేదా మీ కరెంటు లైను పక్కింటి నుంచి లూప్ అయి వస్తోందని తెలుస్తుంది. పాత టెరస్ ఇళ్లలో, అంటే గోడకి గోడ ఆనుకుని వరసగా కట్టిన ఇళ్లలో, ఇది మామూలే. లూప్ విడదీయడానికి కరెంటు లైన్ల కంపెనీ తన వేళకి తను వస్తుంది, వోచర్ మురిగిపోతుంది. అందుకే వోచర్‌కి పెట్టకముందే మీటరు బోర్డు ఫొటో తీసి ఇన్‌స్టాలర్‌కి పంపండి, కరెంటు వాళ్ల అనుమతి ముందు తెప్పించమనండి. గడువు దాటిపోయినా ఇన్‌స్టాలర్ మళ్లీ దరఖాస్తు పెట్టొచ్చు, అనవసరంగా టెన్షన్ పడొద్దు.

స్కాట్లాండ్‌లో పద్ధతి వేరు. అక్కడ హోమ్ ఎనర్జీ స్కాట్లాండ్ ద్వారా గ్రాంటు, దానితోపాటు వడ్డీ లేని అప్పు ఇస్తారు. దరఖాస్తు మీరే పెట్టాలి, ఆఫర్ లెటర్ చేతికి రాకముందు పని మొదలుపెట్టకూడదు.

రేడియేటర్ పట్టుకుంటే గోరువెచ్చగానే ఉంది

ఇల్లు వెచ్చగా ఉండి రేడియేటర్ మాత్రమే గోరువెచ్చగా ఉంటే అది రోగం కాదు, అలాగే ఉండాలి. బాయిలర్ 65, 70 డిగ్రీల నీళ్లు గంటసేపు తోలి ఆగిపోతుంది. హీట్ పంప్ 35 నుంచి 45 డిగ్రీల నీళ్లతో రోజంతా నడుస్తుంది, సన్న సెగ మీద పాలు కాచినట్టు. పొద్దున రెండు గంటలు, సాయంత్రం మూడు గంటలు అని పాత అలవాటు ప్రకారం టైమర్ పెడితే ఇల్లు ఎప్పటికీ వేడెక్కదు. టైమర్ తీసేయండి. రాత్రిపూట రెండు డిగ్రీలకి మించి తగ్గించకండి.

ఇల్లు కూడా చల్లగానే ఉందంటే అప్పుడు కారణం వెతకాలి. కేటలాగులో 1,000 వాట్లు అని రాసిన రేడియేటర్ ఆ వేడి ఇచ్చేది అందులోని నీళ్లు సగటున గది కంటే 50 డిగ్రీలు ఎక్కువ వేడి ఉన్నప్పుడు. 45 డిగ్రీల నీళ్లు లోపలికి వెళ్లి 40కి దిగి బయటికొస్తుంటే, 20 డిగ్రీల గదిలో అదే రేడియేటర్ సుమారు 350 వాట్లే ఇస్తుంది. ఒంటి పలక రేడియేటర్లని అలాగే ఉంచేసి పంపు మాత్రం మార్చిన ఇంట్లో జరిగేది ఇదే. పలకలు రెండున్న రేడియేటర్ వేయించడమే దీనికి మందు, అది కూడా చలి వేసే గదుల్లో చాలు.

కింద గదులు వెచ్చగా, పైగదులు చల్లగా ఉంటే పైపులు చూడండి. 1970, 80ల్లో కట్టిన కొన్ని ఇళ్లలో రేడియేటర్‌కి వచ్చే రాగి పైపు 8 లేదా 10 మిల్లీమీటర్లే ఉంటుంది, మన చిటికెన వేలికంటే సన్నం. హీట్ పంప్‌కి బాయిలర్ కంటే చాలా ఎక్కువ నీళ్లు తిరగాలి, అంత సన్నటి పైపులో తిరగవు. రేడియేటర్ల బ్యాలెన్సింగ్ (అన్నిటికీ సరిపడా నీళ్లు వెళ్లేలా వాల్వులు సర్దడం) సరిచేయించి చూడండి, దానితో కుదరకపోతే ఆ లైన్ వరకు పైపు మార్చాలి.

రేడియేటర్ పక్కన తిప్పే వాల్వులు ఒక్కో గదిలో ఒక్కో అంకె మీద పెట్టి సగం మూసేస్తే పంపు రెండు నిమిషాలు నడిచి ఆగడం, మళ్లీ లేవడం మొదలెడుతుంది. ఎక్కువసేపు ఉండే గదుల్లో వాల్వులు పూర్తిగా తెరిచే ఉంచండి. బాయిలర్ రోజుల స్మార్ట్ థర్మోస్టాట్‌ని కొత్త పంపుకి తగిలించినా ఇదే గోల. నా మాట వింటే దాన్ని తీసేయించి పంపుతో వచ్చిన కంట్రోలరే వాడండి.

అమ్మానాన్న వచ్చారు, వాళ్లకి చలి ఆగట్లేదు

ఇది మనవాళ్ల ఇళ్లకే ప్రత్యేకం. ఇక్కడి డిజైన్ లెక్కల్లో హాలుకి 21 డిగ్రీలు, పడకగదులకి 18 వేస్తారు. గుంటూరు నుంచి జనవరిలో దిగిన అమ్మకి 18 డిగ్రీల గదిలో నిద్ర ఎలా పడుతుంది? అప్పుడు థర్మోస్టాట్ 25కి తిప్పినా లాభం లేదు. లెక్కలోనే లేని వేడిని పంపు ఎక్కణ్నుంచి తెస్తుంది? ఇన్‌స్టాలర్ గదిగదికీ హీట్ లాస్ (గది నుంచి బయటికి పోయే వేడి) లెక్కవేసే రోజే "పెద్దవాళ్లు వచ్చి ఉంటారు, ఈ గది 22 ఉండాలి" అని చెప్పండి. ఆ ఒక్క గదిలో పెద్ద రేడియేటర్ వేస్తారు, తేలికైన పని. పెట్టించాక గుర్తొచ్చినా ఆ గది రేడియేటర్ ఒక్కటీ మార్చుకోవచ్చు.

బిల్లు పెరిగింది

ఇక్కడ యూనిట్ కరెంటు ధర గ్యాస్‌కి దాదాపు నాలుగు రెట్లు. పాత బాయిలర్ గ్యాస్‌లో 85 శాతాన్ని వేడిగా మార్చేదనుకుంటే, పంపు ఒక యూనిట్ కరెంటుకి 3.4 యూనిట్ల వేడి ఇస్తేనే లెక్క సరికి సరి. ఈ నిష్పత్తినే సీఓపీ అంటారు, చాలా కంట్రోలర్లలో కనపడుతుంది. ఏడాది సగటు 4 దగ్గరుంటే మిగులుతుంది, 2.5 ఉంటే చేతి చమురు వదులుతుంది.

తక్కువ రావడానికి ప్రధాన కారణం ఫ్లో టెంపరేచర్. ఫోన్ వస్తే తలనొప్పని కొందరు ఇన్‌స్టాలర్లు దాన్ని 55 మీద పెట్టేసి వెళ్లిపోతారు. ఒక్కో డిగ్రీ తగ్గిస్తే వాడకం సుమారు రెండు రెండున్నర శాతం తగ్గుతుంది. కంట్రోలర్‌లో వెదర్ కాంపెన్సేషన్ ఆన్ చేయించండి. బయట చలి పెరిగితే నీళ్ల వేడి పెంచి, తగ్గితే తగ్గించే ఏర్పాటు అది. బయట 15 ఉన్నప్పుడు 30, బయట మైనస్ 2 ఉన్నప్పుడు 45 అన్నట్టు మొదలుపెట్టండి. రెండు రోజులకోసారి ఒక డిగ్రీ దించుతూ పోండి. ఇంట్లో ఎవరో ఒకరు "చలేస్తోంది" అన్న చోట ఆగి ఒక డిగ్రీ పైకి జరపండి.

ఇదంతా సరిగ్గానే ఉండి బిల్లు మాత్రం వాచిపోతుంటే వేడినీళ్ల ట్యాంకు అల్మారా తెరవండి. గోడకి ఎర్రలైటు వెలుగుతున్న స్విచ్ ఉంటే అది ఇమ్మర్షన్ హీటర్. ఎవరో ఎప్పుడో వేసి మర్చిపోయి ఉంటారు. ఒక యూనిట్‌కి ఒక యూనిట్ వేడే ఇస్తూ మూడు కిలోవాట్లు లాగేస్తుంది. కట్టేయండి.

స్నానం మధ్యలో నీళ్లు చల్లబడ్డాయి

ఒక్కో మనిషికి 45, 50 లీటర్ల లెక్కన ట్యాంకు కావాలి. నలుగురి ఇంట్లో 150 లీటర్లది పెడితే నాలుగో మనిషికి చన్నీళ్లే. ట్యాంకు మార్చడం ఖర్చు కాబట్టి ముందు షెడ్యూల్ మార్చి చూడండి: తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి కాగేలా. నరకచతుర్దశి తలంటు లాంటి రోజున ముందురాత్రే బూస్ట్ నొక్కండి. వారానికోసారి లీజియోనెల్లా బ్యాక్టీరియా చావడానికి నీళ్లు 60 డిగ్రీలకి కాస్తారు. దాన్ని తీసేయకండి, కరెంటు చవగ్గా ఉండే వేళకి జరపండి.

బయటి మెషిన్ నుంచి పొగ వస్తోంది

ఆవిరి అది. బయట సున్నా నుంచి ఐదు డిగ్రీలు ఉండి గాలి తడిగా ఉంటే మెషిన్ వెనక రెక్కల మీద మంచు పేరుకుంటుంది. పంపు కొద్ది నిమిషాలు వెనక్కి నడిచి దాన్ని కరిగిస్తుంది, ఆ ఆవిరే తెల్లగా పైకి లేస్తుంది. మంచు గడ్డకట్టి గంటల తరబడి అలాగే ఉంటే మాత్రం సెన్సరో, ఫ్యానో, మెషిన్ లోపల తిరిగే రిఫ్రిజిరెంట్ గ్యాసో తేడా. వేణ్నీళ్లు పోయడం, కత్తితో గీకడం చేయకండి, ఇన్‌స్టాలర్‌ని పిలవండి. కరిగిన నీళ్లు నడిచే దారిలోకి పారి రాత్రికి గడ్డకడుతుంటే మెషిన్ కింద కంకర గుంత తీయించాలి.

స్క్రీన్ మీద లో ఫ్లో ఎర్రర్

పంపులో తిరిగే నీళ్లు తగ్గాయని అర్థం. చాలావరకు పాత రేడియేటర్లలోని నల్లటి మడ్డి వచ్చి ఫిల్టర్‌కి అడ్డం పడి ఉంటుంది. ఫిల్టర్ శుభ్రం చేయించండి. నెల తిరక్కుండా మళ్లీ వస్తే పంపు పెట్టేముందు లైన్లు సరిగా ఫ్లష్ చేసి ఉండకపోవచ్చు. ఆ పని ఉచితంగా చేసిపెట్టమని ఇన్‌స్టాలర్‌ని అడగండి.

హీటింగ్ మారినా గ్యాస్ బిల్లు వస్తూనే ఉంది

వంట గ్యాస్ మీదే కాబట్టి. దోశ కోసం ఉంచుకున్న ఆ ఒక్క పొయ్యికి స్టాండింగ్ చార్జీ ఏడాదికి నూరు పౌండ్ల పైనే. ఇండక్షన్‌కి మారితే ఇనప పెనం హాయిగా పనిచేస్తుంది. అల్యూమినియం కుక్కర్, ఇత్తడి గిన్నెలు వేడెక్కవు, అయస్కాంతం అంటుకునే అడుగున్నవి కొనుక్కోవాలి.

వీటన్నిటి తర్వాతా దారికి రాకపోతే ఫోన్ చేసి "చల్లగా ఉంది" అని ఊరుకోవద్దు. బాగా చలి ఉన్న రోజున బయటి ఉష్ణోగ్రత, ఫ్లో, రిటర్న్ (రేడియేటర్ల నుంచి తిరిగొచ్చే నీళ్ల వేడి), గది, సీఓపీ, ఈ ఐదు అంకెలూ ఫొటో తీసి, మీకిచ్చిన హీట్ లాస్ రిపోర్టుతో కలిపి మెయిల్ పెట్టండి. రిపోర్టులో ఆ గదికి 21 అని రాసి థర్మామీటరు 17 చూపిస్తుంటే సరిచేసే బాధ్యత ఇన్‌స్టాలర్‌ది. కదలకపోతే అదే మెయిల్ ఎంసీఎస్‌కి ఫిర్యాదుగా పంపండి.