టైమింగ్ బెల్ట్ వేశాక వెంటనే సెల్ఫ్ కొట్టకండి
ఇంట్లోనే టైమింగ్ బెల్ట్ (ఇంజన్‌లో పిస్టన్లతో తిరిగే క్రాంక్ షాఫ్ట్‌నీ, వాల్వుల్ని తెరిచే క్యామ్ షాఫ్ట్‌నీ కలిపే బెల్ట్) మార్చుకునేవాళ్ళకి ఒక్క మాట. బెల్ట్ ఎక్కించి టెన్షనర్ (బెల్ట్‌ని బిగుతుగా ఉంచే పుల్లీ) బిగించాక, స్పార్క్ ప్లగ్గులు విప్పేసి క్రాంక్ బోల్టుకి స్పానర్ పెట్టి ఇంజన్ మామూలుగా తిరిగే వైపుకే చేత్తో మెల్లగా 2 ఫుల్ రౌండ్లు తిప్పండి, క్రాంక్ 2 సార్లు తిరిగితేనే క్యామ్ ఒక రౌండ్ పూర్తవుద్ది, అప్పుడు పుల్లీల మీది టైమింగ్ మార్కులన్నీ మళ్ళీ కరెక్టుగా కలిశాయో లేదో చూడండి. మధ్యలో ఎక్కడైనా గట్టిగా తగిలి ఆగిందంటే బలం పెట్టొద్దు, పిస్టన్ వాల్వుకి తగులుతుండొచ్చు, బెల్ట్ తీసి మళ్ళీ మొదట్నుంచి సెట్ చేసుకోవాలి. నేను బద్ధకించి డైరెక్టుగా కీ తిప్పా, టక్‌మని ఒక్క సౌండ్, వాల్వులు వంగిపోయి ఇంజన్ హెడ్ (వాల్వులుండే పై భాగం) దింపాల్సొచ్చింది, మిగుల్చుకుందామనుకున్న లేబర్ ఛార్జి దాని ముందు ఎంతని. ఇంకోటి, పాత బెల్ట్ తీసేముందే మార్కులు ఫొటో తీసి పెట్టుకోండి.