వైడ్ లెన్స్ కొనేముందు ఒక టేపు ముక్క

మోటోక్రాస్, అంటే మట్టి దారి మీద జరిగే బైకు పందెం, ఫొటోలు తీసేటప్పుడు బైకు మన మీదికి దూసుకొచ్చే క్షణానికే ఆటోఫోకస్ (కెమెరా తనంతట తాను ఫోకస్ చేసుకోవడం) తడబడుతుంది. దగ్గరి నుంచి ఎక్కువ దృశ్యం పట్టే కొత్త వైడ్ లెన్స్‌కు డబ్బు పెట్టకముందు ఇది చేసి చూడండి, నాకు బాగా పనికొచ్చింది.

ఏపీఎస్-సీ (ఫుల్ ఫ్రేమ్ కన్నా చిన్న సెన్సర్ ఉన్న) కెమెరాతో వచ్చే 18-55 మి.మీ. జూమ్ లెన్స్‌ను, అన్నిటికన్నా వెడల్పుగా కనిపించే 18 దగ్గర టేపు వేసి కదలకుండా చేయండి. రెండు మీటర్ల దూరంలో బ్యాగు పెట్టి, దాని మీద ఫోకస్ చేసి, ఫోకస్ ఇక మారకుండా మాన్యువల్‌కు మార్చండి. అపెర్చర్ (లెన్స్ రంధ్రం) ఎఫ్/8, షటర్ 1/1000 సెకను. సుమారు మీటరు దూరం నుంచి వెనక కొండ దాకా అంతా స్పష్టంగా వస్తుంది, టైరు చిమ్మే మట్టి గడ్డలతో సహా. ప్రేక్షకులను ఆపే తాడుకు ఇవతలే, మలుపు లోపలి వైపు నిలబడి ఒక పూట తీయండి. అప్పటికీ బైకు ఫ్రేములో పట్టకపోతేనే 10-18 మి.మీ. లాంటి ఇంకా వైడ్ లెన్స్ కొనండి.

సాయంత్రం వెలుగు తగ్గాక మాత్రం ఇది కుదరదు, ఫొటోలో గింజల్లాంటి చుక్కలు పడతాయి. బైకు ఐదారు మీటర్లు దాటితే బొమ్మలా చిన్నదైపోతుంది.