ఆన్‌లైన్ కోర్సు గ్రూపులో మాటలు ఆగిపోకుండా ఉండాలంటే

నేను ఆన్‌లైన్‌లో బ్లౌజ్ కటింగ్, కుట్టు నేర్పిస్తాను. మొదటి బ్యాచ్ పెట్టినప్పుడు నా ధ్యాసంతా వీడియోల మీదే ఉండేది, లైటింగ్ సరిపోయిందా, టేపు మీద అంకెలు కనిపిస్తున్నాయా అని ఒక్కో పాఠం రెండు మూడుసార్లు తీసేదాన్ని. ఫీజు కట్టినవాళ్లందరినీ ఒక వాట్సాప్ గ్రూపులో చేర్చి, డౌట్లు ఉంటే ఇందులో అడగండి అని చెప్పి ఊరుకున్నాను. మూడో వారానికల్లా అందులో గుడ్ మార్నింగ్ పూలబొమ్మలు తప్ప ఏమీ లేవు. ఒకావిడ రాత్రి పదకొండింటికి తను కుట్టిన మొదటి బ్లౌజ్ ఫొటో పెట్టింది, తెల్లారేసరికి అది ఆ పూల కింద ఎక్కడో పడిపోయింది. నేను చూసేసరికి నాలుగు రోజులైంది, ఆవిడ అప్పటికే గ్రూపులోంచి వెళ్లిపోయింది. ఫోన్ చేస్తే, "ఎవరూ ఏమీ అనలేదు కదా మేడమ్, మరీ బాగోలేదేమో అనుకున్నా" అంది.

ఆ ఫొటో మళ్లీ తెరిచి చూశాను. మెడ చుట్టూ పైపింగ్ చివరిదాకా ఒకే సన్నం, వెనక డీప్ నెక్ వంపు దగ్గర కూడా ఎక్కడా లాగలేదు. మొదటిసారి కుట్టేవాళ్లకు అంత నీట్‌గా రావడం కష్టం. ఆ మాట ఆవిడకు చెప్పాల్సిన రోజున చెప్పలేకపోయానని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

అందుకే గ్రూపు నడపడంలో నేను పట్టుకున్నది ఒక్కటే: మన దగ్గర నేర్చుకునేవాళ్లు తాము చేసిన పని చూపించినప్పుడు, ఆ రోజే ఎవరో ఒకరు పేరు పెట్టి పిలిచి, దాన్ని నిజంగా చూసి మాట్లాడాలి. కింద చెప్పేవన్నీ దాని కోసమే. మీరు నేర్పేది స్పోకెన్ ఇంగ్లిష్ అయినా, ట్యాలీ అయినా, వీణ అయినా ఇందులో చాలా భాగం పనికొస్తుంది.

ఎక్కడ పెట్టాలి, ఎంతమందిని పెట్టాలి

అందరూ ముందు అడిగేది వాట్సాపా, టెలిగ్రామా అని. వాట్సాప్ గ్రూపులో 1024 మంది దాకా పడతారు, టెలిగ్రామ్ గ్రూపులో 2 లక్షల మంది దాకా. ఈ అంకెలు చూసి నిర్ణయించుకోకండి, ఎందుకంటే వెయ్యిమంది ఉన్నచోట కొత్తగా నేర్చుకునే మనిషి నోరు తెరవదు. టెలిగ్రామ్‌లో ఫోన్ నంబరు కనపడకుండా పెట్టుకోవచ్చు, కొత్తగా చేరినవాళ్లకు పాత మెసేజ్‌లు కనిపించేలా చేయొచ్చు, అవి మంచి సౌకర్యాలే. కానీ నా దగ్గర నేర్చుకునేవాళ్లు రోజంతా తెరిచేది వాట్సాప్. పిల్లల స్కూలు గ్రూపూ, పాలవాడి లెక్కా అన్నీ అందులోనే ఉన్నాయి. వాళ్లు ఉన్నచోటికే మనం వెళ్లాలి.

2022 చివర్లో వాట్సాప్‌లో కమ్యూనిటీ అని కొత్తగా వచ్చింది కదా, నేను అదే వాడుతున్నాను. పైన అనౌన్స్‌మెంట్ గ్రూపు ఒకటి ఉంటుంది, అందులో అడ్మిన్లు మాత్రమే పోస్ట్ చేయగలరు, కాబట్టి పాఠాల లింకులు, క్లాసు టైమింగులు అందులో వేస్తే ఎక్కడికీ కొట్టుకుపోవు. దాని కింద పదిహేనేసి మందితో చిన్న గ్రూపులు. మాటలన్నీ నడిచేది ఈ చిన్న గ్రూపుల్లోనే.

పదిహేనే ఎందుకంటే, మన ఊళ్లలో ఆడవాళ్లకు ఆ లెక్క ముందే తెలుసు. డ్వాక్రా సంఘాలు పది పదిహేను మందితోనే నడుస్తాయి, ఎవరు రాలేదో అందరికీ తెలిసిపోతుంది, ఫలానా రోజు మీటింగ్ అంటే ఆ రోజే. నేర్చుకోవడానికి కలిసిన ఆడవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మొదలుపెడితే ఏమవుతుందో నెల్లూరు జిల్లా దూబగుంట చూపించింది కూడా. అక్కడ రాత్రిపూట అక్షరాలు దిద్దుకోవడానికి వచ్చినవాళ్లు ఇంట్లో సారా బాధలు చెప్పుకున్నారు, 1992లో అది రాష్ట్రమంతా సారా వ్యతిరేక ఉద్యమమైంది, 1993లో ప్రభుత్వం సారాను నిషేధించింది. మనది బ్లౌజుల కోర్సే అనుకోండి, అయినా నేర్చుకునేచోట పక్కమనిషితో మాట్లాడే వీలుంటే ఎంత బలం వస్తుందో నేను ఆ కథ గుర్తొచ్చినప్పుడల్లా అనుకుంటాను.

ఫోన్ నంబర్ల విషయం మాత్రం తేలిగ్గా తీసుకోకండి. చిన్న గ్రూపుల్లో అందరి నంబర్లూ అందరికీ కనిపిస్తాయి. రెండో బ్యాచ్‌లో ఒకతను భార్య పేరుతో చేరి, గ్రూపులో ఉన్న ఇద్దరికి విడిగా మెసేజ్‌లు పెట్టాడు. వాళ్లు నాకు చెప్పడానికి వారం రోజులు సంకోచించారు. ఇప్పుడు చేర్చే ముందే నంబరు కనిపిస్తుందని చెప్పి, సరేనంటేనే చేరుస్తాను, కొత్తగా చేరే ప్రతివాళ్లతో ఒకసారి ఫోన్లో మాట్లాడతాను, ఎవరైనా ఇబ్బంది పెట్టారని తెలిస్తే అదే రోజు తీసేసి ఫీజు వెనక్కి ఇచ్చేస్తాను. డబ్బు పోతే పోనివ్వండి, ఈ ఒక్క విషయంలో ఆలస్యం చేస్తే మిగతా పద్నాలుగు మందీ మాట్లాడటం మానేస్తారు.

మొదటి వారం

చేరగానే "మీ గురించి చెప్పండి" అని అడిగితే ఎవరూ చెప్పరు, ఏం రాయాలో తోచదు. నేను మొదటిరోజు అడిగేది మిషన్ ఫొటో. ఎక్కడ పెట్టుకున్నారో అది కనిపించేలా, సర్దకుండా, ఉన్నది ఉన్నట్టు. ఇది అందరూ చేయగలిగిన పని, ఇందులో తప్పొప్పులు లేవు. ఒకరిది మెట్ల కింద, ఒకరిది గ్యాస్ పొయ్యి పక్కన, ఒకరిది అత్తగారి కాలంనాటి ఉష మిషన్, పెడల్ మీద చిన్న గోనెపట్టా కట్టుకుని. దాని కింద వెంటనే "మా అమ్మదీ ఇదే మిషన్ అక్కా, బెల్టు తెగితే ఎక్కడ కొంటున్నారు?" అని ఇంకొకరు. అంతే, మాట మొదలైనట్టే. ఆ బెల్టు గురించి నేను చెప్పేకంటే వాళ్లలో ఒకరు చెప్తేనే నాకు సంతోషం.

మొదటి వారం మాత్రం ప్రతి ఫొటోకీ నేనే జవాబిస్తాను, బొటనవేలు గుర్తు పెట్టి వదిలేయకుండా పేరుతో పిలిచి ఆ ఫొటోలో చూసిందేదో చెప్తాను. టైపింగ్ రానివాళ్లను వాయిస్ మెసేజ్ పెట్టమంటాను, ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాసినా సరే అంటాను. ఈ మాట ముందే చెప్పకపోతే స్పెల్లింగ్ తప్పు పోతుందేమోనన్న టెన్షన్‌తో అడగాల్సిన డౌట్ అడగకుండా ఉండిపోతారు.

డౌట్ ఎలా అడగాలో నేర్పండి

చాలామంది కోర్సులు పెట్టేవాళ్లు వదిలేసేది ఇదే, నా ఉద్దేశంలో అన్నిటికంటే ముఖ్యమైనదీ ఇదే. "ఎలా ఉంది అక్కా?" అని ఫొటో పెడితే "సూపర్", "బాగుంది" అని వస్తాయి, ఎవరికీ ఉపయోగం లేదు. బ్లౌజ్ వేసుకుని ముందు, వెనక, చెయ్యి పైకెత్తి పక్కనుంచి మూడు ఫొటోలు తీయమంటాను, ముఖం అక్కర్లేదు. ఛాతీ చుట్టు, భుజం, చంక చుట్టు కొలతలు రాయాలి, ఏ దగ్గర తేడా అనిపిస్తోందో చెప్పాలి. సొంత ఫొటో పెట్టడానికి ఇష్టం లేనివాళ్లు హ్యాంగర్‌కి తగిలించి పెట్టొచ్చు, లేదా నాకు విడిగా పంపొచ్చు.

జవాబు చెప్పేవాళ్లకూ ఒక పద్ధతి ఉంది: ముందు బాగా కుదిరిన చోటు ఒకటి చూపించాలి, తర్వాత సరిచేయాల్సింది ఒకటే చెప్పాలి, ఎందుకో కూడా చెప్పాలి. ఒకసారి ఒకమ్మాయి ముందువైపు చంక దగ్గర ముడత వస్తోందని, ఛాతీ 36, నాలుగో వంతు 9 కి ఒకటిన్నర అంగుళం కుట్టుకి వదిలానని, లెక్కంతా సరిగ్గానే ఉందని రాసింది. ఆ లెక్కలో తప్పు లేదు. నేను జవాబు టైప్ చేయబోయి ఆగాను. అరగంట గడిచాక అదే గ్రూపులో కువైట్ నుంచి ఒకావిడ, "కటింగ్‌లో ముందు ముక్క, వెనక ముక్క చంక వంపు ఒకేలా తీశావా చెల్లీ? ముందుది అర అంగుళం లోపలికి తీయాలి, నాకూ మొదట్లో ఇలాగే వచ్చింది" అని వాయిస్ పెట్టి, తను విప్పి మళ్లీ కుట్టిన బ్లౌజ్ ఫొటో కూడా పెట్టింది. నేను చెప్పినా ఇదే చెప్పేదాన్ని. కానీ నాకూ ఇలాగే వచ్చింది అన్న ఆ మాట నేను చెప్పలేను కదా.

అందుకని మొదటి వారం దాటాక డౌట్ కనపడగానే మీద పడకండి, సాయంత్రం దాకా ఆగండి. రాత్రయినా ఎవరూ పలకకపోతే అప్పుడు మీరు చెప్పండి, ఏ డౌటూ జవాబు లేకుండా మర్నాటికి మిగలకూడదు. ఎవరైనా తప్పు సలహా ఇస్తే గ్రూపులో ముఖం మీద కొట్టినట్టు చెప్పకుండా, "అది కాటన్‌కి పనిచేస్తుంది, జారే బట్టకి మాత్రం ఇలా చేద్దాం" అన్నట్టు సర్ది చెప్పండి. ఒకసారి మాట పడ్డ మనిషి ఇంకెవరికీ సాయం చేయదు.

వారం ఎలా నడపాలి

మంగళవారం కొత్త పాఠం, గురువారం లైవ్, శనివారం ఎవరు కుట్టినవి వాళ్లు చూపించడం. రోజులు మీ ఇష్టం, మార్చకుండా ఉంటే చాలు. లైవ్ ఎన్నింటికి పెట్టాలో మీరు ఊహించకుండా గ్రూపులో పోల్ పెట్టి అడగండి. నేను రాత్రి ఎనిమిదిన్నరే మంచిదనుకున్నాను, అమెరికాలో ఈస్టర్న్ టైమ్ వాళ్లకు వేసవిలో ఉదయం 11, చలికాలంలో 10 అవుతుంది, వాళ్లకు బాగా కుదిరింది. ఇక్కడివాళ్లకు మాత్రం అది వంటలు, పిల్లల హోంవర్కు టైమ్. పోల్ పెడితే ఎక్కువమంది మధ్యాహ్నం రెండున్నర అన్నారు. కోనసీమ నుంచి, కడప వైపు నుంచి కువైట్ వెళ్లి ఇళ్లల్లో పనిచేస్తున్నవాళ్లు నా బ్యాచుల్లో ఉంటారు, మన రెండున్నర అంటే వాళ్లకు మధ్యాహ్నం పన్నెండు, ఊపిరి సలపని టైమ్. వాళ్లలో చాలామందికి శుక్రవారం సెలవు, కాబట్టి వాళ్ల కోసం నెలకు రెండు శుక్రవారాలు విడిగా లైవ్ పెడతాను. జూమ్ ఉచిత ప్లాన్‌లో 40 నిమిషాలకే కట్ అయిపోతుంది, మొదట్లో చిరాకుపడ్డాను కానీ ఇప్పుడు డబ్బు కట్టి కూడా 40 నిమిషాల్లోనే ముగిస్తున్నాను, మిగతా మాటలు గ్రూపులోకి వస్తాయి.

క్యాలెండర్ కూడా చూసుకోండి. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, ఆర్డర్లు తక్కువ, నేర్చుకోవడానికి తీరిక ఉంటుంది, నా కొత్త బ్యాచ్ అప్పుడే మొదలవుతుంది. శ్రావణం వచ్చిందంటే వరలక్ష్మీ వ్రతం, పెళ్లిళ్లు, చేతినిండా బ్లౌజులు. ఆ రోజుల్లో కొత్త పాఠాలు ఆపేసి గ్రూపును ఆర్డర్ల డౌట్లకే వదిలేస్తాను. ఎంత తీసుకోవాలి, తెలిసినవాళ్లు డబ్బులివ్వకపోతే ఎలా అడగాలి, లైనింగ్ తడిపి ఆరేయకుండా కుట్టేశాను ఉతికితే కుంచించుకుపోయింది ఇప్పుడేం చేయాలి, ఇలాంటివి. మీరు నేర్పే విద్యకూ ఇలాంటి సీజన్ ఒకటి ఉంటుంది, పరీక్షల నెలో, ఉద్యోగాల నోటిఫికేషనో, అది కనుక్కోండి.

ఫార్వర్డ్‌లు, రాజకీయాలు, గుడ్ మార్నింగ్‌లు వద్దని మొదటిరోజే చెప్పి, ఆ మెసేజ్ పిన్ చేయండి. చీరలు, నగలు అమ్ముకునేవాళ్లుంటే వాళ్లకు ఆదివారం ఇచ్చేయండి, పూర్తిగా వద్దంటే చాటుగా అమ్ముతారు.

సాయం చేసేవాళ్లకు డబ్బివ్వండి

ఒక్కో చిన్న గ్రూపుకి పాత బ్యాచ్ నుంచి ఒక అక్కను పెడతాను. బాగా కుట్టేవాళ్లకంటే ఓపిగ్గా చూసి చెప్పేవాళ్లను ఎంచుకుంటాను. ఎవరి ఫొటోకి జవాబు రాలేదో చూసుకోవడం వాళ్ల పని. రోజుకు గంట పడుతుంది, దానికి నెలకింత అని ముందే మాట్లాడుకుని ఇస్తాను. "అభిమానంతో చేస్తుంది కదా" అని ఊరికే చేయించుకోవద్దని గట్టిగా చెప్తాను. గంటసేపు మిషన్ మీద కూర్చుంటే ఆవిడకు నాలుగు డబ్బులు వచ్చేవి.

మాట్లాడనివాళ్ల గురించి కంగారుపడకండి, పాఠాలు చూస్తూ చక్కగా కుట్టుకునేవాళ్లు చాలామందే ఉంటారు. పది రోజులు పాఠం కూడా తెరవకపోతే విడిగా ఒక మెసేజ్ పెట్టండి. "ఎందుకు రావట్లేదు" అని కాకుండా, "చేతుల పాఠం దగ్గర ఆగారు కదా, అది చాలామందికి కష్టంగానే ఉంటుంది, కత్తిరించే ముందు పేపర్ మీద గీసి ఫొటో పంపండి, నేను చూస్తాను" అని. తిరిగి వచ్చేవాళ్లు ఎక్కువగా ఇలాంటి మెసేజ్‌కే వస్తారు.

నా నోట్‌బుక్‌లో వారం వారం రెండే అంకెలు రాసుకుంటాను: మొదటి బ్లౌజ్ పూర్తిచేసి చూపించినవాళ్లు ఎంతమంది, నేను కాకుండా వేరేవాళ్లు జవాబిచ్చిన డౌట్లు ఎన్ని. రెండోది తగ్గుతుంటే నేను మళ్లీ ఎక్కువ మాట్లాడుతున్నానని అర్థం, లేదా ఆ గ్రూపు అక్కకి ఇంట్లో ఏదో ఇబ్బంది వచ్చి ఉంటుంది. అప్పుడు ముందు ఆవిడకు ఫోన్ చేస్తాను.

కోర్సు అయిపోయిన రోజున గ్రూపులు మూసేయకండి. ఉంటారా అని ఒక్కొక్కరినీ అడగండి, ఉంటామన్నవాళ్లను పాత బ్యాచ్‌ల గ్రూపులోకి మార్చండి. ఆ గ్రూపులో నేను ఇప్పుడు పెద్దగా మాట్లాడను. పైపింగ్ ఫొటో పెట్టి వెళ్లిపోయిన ఆవిడ తర్వాతి ఆషాఢంలో మళ్లీ చేరింది, ఫీజు వద్దన్నాను. ఆ గ్రూపులో రాత్రి పదింటి తర్వాత వచ్చే ఫొటోలకు ఎక్కువగా ఆవిడే జవాబిస్తుంది.