పాత ఫియట్ కొనే ముందు దాని కింద పడుకుని చూడండి

ఊళ్ళో ఎవరింట్లోనో చెట్టు కింద ఆకులు కప్పుకుని ప్రీమియర్ పద్మిని కారు కనపడి, ఓనరు "ఎంతో కొంత ఇచ్చి తీస్కపోండి" అంటే మనసాగదు, నాకూ ఆగలా. 86 మోడల్, 60 వేలకి కొన్నా. ఇంకో లక్ష పెడితే మెరిసిపోద్ది అనుకున్నా గానీ మూడున్నర లక్షలు దాటాక లెక్క రాయడం మానేశా. మనవాళ్ళు దాన్ని ఫియట్ అనే అంటారు కాబట్టి నేనూ అట్టానే అంటా.

ఫస్టు చూడాల్సింది ఇంజన్ కాదండి, తుప్పు. ఈ బండికి విడిగా చాసిస్, అంటే అడుగు ఫ్రేము, ఉండదు, బాడీయే చాసిస్, అందుకని డోర్ల కింద బాక్సు సెక్షన్‌ని తుప్పు తిన్నదంటే బండి నడుం విరిగినట్టే. మ్యాట్లన్నీ తీయించి ఫ్లోరు చూడండి, స్క్రూడ్రైవర్‌తో పొడవండి, దిగబడిందంటే అక్కడ రేకు లేదన్నమాట. జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకెళ్ళండి, అది అంటుకోని చోట పెయింటు కింద మందంగా లప్పం ఉంది. ఇంకోటి, ఒక పక్క జాకీ వేసి లేపి డోర్ తీసి వేయండి, అప్పటిదాకా బాగా పడిన డోర్ అప్పుడు పట్టేస్తే బేరం ఆపేసి ఇంటికొచ్చేయడమే. నేను ఇవేవీ చేయలా.

ఇంజన్‌కి అంత భయపడక్కర్లేదు, 1089 సీసీ, సింపుల్ మిషను, నీలం పొగొస్తే పిస్టన్ రింగులో సిలిండర్ బోరో అరిగినట్టు, లేత్ షాపులో బోరింగ్ చేసి ఓవర్‌సైజ్ పిస్టన్లు వేస్తారు, 40, 50 వేలల్లో తేలిపోద్ది. అసలు డబ్బు తినేది టింకరింగ్ (అంటే రేకు పని), పెయింటింగ్. నాకు సగం పైన అక్కడే పోయింది. రోజు కూలి లెక్కన మాత్రం ఒప్పుకోకండి, రేకు పని అయ్యాక ఇంత, ప్రైమర్ (పెయింటుకి ముందు కొట్టే పూత) అయ్యాక ఇంత అని మాట్లాడుకోండి, ప్రైమర్ కొట్టకముందు మీరే వెళ్ళి వెల్డింగులు చూడండి. నా బండి టింకరింగ్ షెడ్‌లో ఏడు నెలలుంది. మేస్త్రికి రోజూ వచ్చే యాక్సిడెంట్ బళ్ళే బతుకుతెరువు, మన ఫియట్ ఖాళీ ఉన్నప్పుడు చేసే పని, ఆయన్ని తప్పుపట్టలేం.

విప్పేటప్పుడు ప్రతిదీ ఫోటో తీసి, నట్లు బోల్టులు కవర్లలో వేసి పేర్లు రాయండి. ఏ పార్టూ పారేయొద్దు, విరిగిందైనా సరే, శాంపిల్‌కి పనికొస్తది. స్పేర్లకి విజయవాడ ఆటోనగర్, సికింద్రాబాద్ రాణిగంజ్ తిరగండి, దొరక్కపోతే చెన్నై పుదుపేట, ఢిల్లీ కశ్మీరీ గేట్. క్లచ్ ప్లేటు, బ్రేక్ కిట్లు దొరుకుతాయి గానీ గ్రిల్లు, బంపరు, డోర్ హ్యాండిళ్ళే ఏడిపిస్తాయి, అవి లేని బండి ఎంత చవకైనా దండగ.

పెట్రోల్ సంగతి చాలామంది మర్చిపోతారు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్, పాత రబ్బరు పైపుల్నీ, ఇంజన్‌కి పెట్రోల్ అందించే పంపులోని డయాఫ్రమ్‌నీ అది తినేస్తది, తేమ పీల్చి ట్యాంకు తుప్పు పట్టిస్తది. ఫ్యూయల్ పైపులన్నీ ఇథనాల్ తట్టుకునేవి వేయించండి, బండి వాడకపోతే ట్యాంకులో పెట్రోల్ నెలల తరబడి ఉంచకండి.

కాగితాలు అడ్వాన్స్ ఇవ్వకముందే చూసుకోవాలి. ఆర్‌సీలో చాసిస్ నంబరు, బండి మీద నంబరు ఒకటేనా, తుప్పులో చెరిగిపోయిందా చూడండి. 15 ఏళ్ళు దాటిన బండికి ఐదేళ్ళకోసారి రెన్యువల్, 20 దాటితే 2025 నుంచి ఫీజే 10 వేలు, గ్రీన్ ట్యాక్స్ వేరే. కలర్ మారిస్తే ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. 50 ఏళ్ళు దాటినవాటికి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది, 20 వేలు కట్టాలి, పదేళ్ళు చెల్లుద్ది, కాకపోతే దాన్ని రోజువారీ తిప్పకూడదు. ఓనరు చనిపోయి ఆర్‌సీ ఆయన పేరు మీదే ఉంటే వారసుల్ని ముందు వాళ్ళ పేరు మీదకి ట్రాన్స్‌ఫర్ చేయించుకోమనండి, నేను ఆ పని తర్వాత చూద్దాంలే అని వదిలేసి, బండి తయారయ్యాక కూడా నాలుగు నెలలు ఇంటి ముందే కవర్ కప్పి పెట్టుకున్నా.