గోదావరి పాయల్లో వేటకి అల్యూమినియం పడవ – 3వ పాఠం: డెక్ వేసే ముందు

పోయిన పాఠంలో లోపలి అడ్డబల్లలు ఏవి తీయొచ్చో చూశాం. అవి కూర్చోడానికే కాదు, పక్కగోడలు విచ్చుకోకుండా పట్టి ఉంచేవి కూడా అవే. అందుకే బల్ల తీసిన చోట అడ్డంగా అల్యూమినియం యాంగిల్ (L ఆకారపు పట్టీ) బిగించకుండా ఈ పాఠంలోకి రావద్దు.

నిలబడి గాలం విసరడానికి అణియం (పడవ ముందు భాగం) వైపు చదునైన డెక్ కావాలి. చాలామంది దాన్ని పడవ అంచుల ఎత్తుకి కట్టేస్తారు, ఫొటోలో బాగానే ఉంటుంది, కానీ పన్నెండు అడుగుల పడవలో మనిషి బరువు అంత పైకి పోతే యానాం దగ్గర గౌతమి వెడల్పులో మధ్యాహ్నం సముద్రపు గాలి లేచాక గానీ దాని సంగతి తెలియదు. అంచుకి కనీసం జానెడు కిందకే ఉంచండి. చెక్క బరువు కూడా లెక్కేసుకోండి, ఎనిమిది బై నాలుగు అడుగుల 12 ఎంఎం ప్లైవుడ్ షీటు ఒక్కటే ఇరవై కిలోలు దాటుతుంది.

ఇక అసలు సంగతి. ఆన్‌లైన్‌లో కనిపించే ఇలా పడవకి డెక్ కట్టే వీడియోలు చాలావరకు మంచినీటి చెరువుల్లో తిరిగే పడవలవి. ధవళేశ్వరం దిగువన మనకి ఆ సుఖం లేదు. వరదల్లో ఎర్రనీరు వచ్చి పులస కోసం జనం ఎగబడే రోజుల్లో నీళ్లు తియ్యగానే ఉంటాయి, వేసవిలో బ్యారేజీ నుంచి వదిలే నీళ్లు తగ్గాక మాత్రం పోటు వచ్చినప్పుడల్లా వశిష్ఠ, వైనతేయ, గౌతమి మూడింట్లోకీ ఉప్పునీరు ఎగదన్నుతుంది. ఉప్పునీళ్లలో అల్యూమినియానికి రాగి, ఇత్తడి, స్టీలు తగిలితే కరిగేది అల్యూమినియమే, ఆ రెండు లోహాల మధ్య చిన్న బ్యాటరీ తయారైనట్టే. కాబట్టి నదిలోనే తిరిగినా సామాను మాత్రం సముద్రానికి కొన్నట్టే కొనాలి.

రివెట్లు అల్యూమినియంవే వాడండి, నీటి మట్టానికి కింద అయితే చివర మూసి ఉండే రకం, రంధ్రంలో మెరైన్ సీలెంట్ పెట్టి మరీ కొట్టాలి. స్టెయిన్‌లెస్ బోల్టు తప్పనిసరైన చోట కింద నైలాన్ వాషర్ వేసి, మరలకి సీలెంట్ పూయండి. చెదలు పట్టదని షాపువాడు రాగి మందు పట్టించిన చెక్క అంటగడతాడేమో, వద్దు, తడి తగిలితే అందులోని రాగి నేరుగా పడవ అడుగుని తినేస్తుంది. బీడబ్ల్యూపీ రకం (మరిగే నీళ్లకీ తట్టుకునే) ప్లైవుడ్ తెచ్చుకుని, కోతలన్నీ అయ్యాకే అంచులతో సహా నీళ్లు చొరకుండా ఎపాక్సీ పూత పట్టించాలి. ముందే పూసి తర్వాత రంధ్రాలు వేస్తే ఆ రంధ్రాల్లోంచే నీళ్లు తాగుతుంది. అడుగున నాచు పట్టకుండా వేసే రంగుల్లోనూ రాగి ఉంటుంది, డబ్బా మీద అల్యూమినియానికి పనికొస్తుందని రాసి ఉంటేనే కొనండి. వైరింగ్ చేసినప్పుడు రాలిన వైరు ముక్కలు కూడా అడుగున వదలొద్దు, ఒక్కొక్కటీ ఒక్కో చిల్లు పెడుతుంది.

డెక్ కింది ఖాళీలో ఫోమ్ పెట్టాలి. ఘనపుటడుగుకి దాదాపు 27 కిలోల బరువుని తేలుస్తుంది, పడవ నిండినా మునగకుండా కాపాడేది అదే. థర్మోకోల్ చవకే గానీ పెట్రోలు చుక్క పడితే కరిగిపోతుంది, అందుకని నీళ్లు పీల్చని పాలీఇథిలీన్ రకం మేలు. ఫోమ్ ఎంత కుక్కినా మధ్యలో అమరం (పడవ వెనక భాగం) దాకా నీళ్లు పారే దారి వదలండి, మూత తీసి చెయ్యి పెట్టి తుడిచేలా ఉండాలి.

డెక్ బిగించే ముందు ఇంకో పని ఉంది. పడవని గట్టు మీద దుంగల మీద ఎత్తి, లోపల రెండు మూడు అంగుళాలు నీళ్లు పోసి, బయట ఎక్కడ చెమ్మ కనిపిస్తే అక్కడ మార్కర్‌తో గీత పెట్టండి. అంతకన్నా ఎక్కువ పోయొద్దు, ఆ బరువుకి అడుగు వంగుతుంది. గీతలు పెట్టిన చోట్లన్నీ ఎండబెట్టి, రివెట్లు మళ్లీ కొట్టి, సీలెంట్ వేసి ఇంకోసారి నీళ్లు పోసి చూసుకోండి. వచ్చే పాఠంలో బ్యాటరీ, ఫ్యూజు, లైట్లు. ఈలోగా ఎవరు చెప్పినా సరే బ్యాటరీ నెగటివ్ వైరుని పడవ బాడీకి మాత్రం కలపకండి.