మన వంశం మనమే రాసుకుందాం – పాఠం 4: కరువు చెప్పే పుట్టిన ఏడు

గత పాఠంలో మూడు తరాల పేర్లు రాసుకున్నారు కదా. చాలా పేర్ల పక్కన పుట్టిన ఏడు ఖాళీగానే ఉండి ఉంటుంది. టెన్షన్ వద్దు. మన పెద్దవాళ్లు తేదీలు చెప్పరు, జరిగినవి చెబుతారు.

మా అవ్వ మాటే తీసుకుందాం. "ధాత కరువుకు మా నాయన చంటిబిడ్డ. వాళ్లమ్మ చంకనేసుకొని గంజి పోసేచోటికి నడిచిందంట." ఏడు ఇందులోనే ఉంది. ధాత నామ సంవత్సరం అరవై ఏళ్లకోసారి వస్తుంది: 1816, 1876, 1936. అవ్వ పుట్టింది 1915 ప్రాంతంలో. కాబట్టి 1936 కుదరదు. 1816 అనుకుంటే కూతురు పుట్టేసరికి ఆయనకు దాదాపు వందేళ్లు. ఇక మిగిలింది 1876. రాయలసీమను ఊడ్చేసిన కరువూ అప్పటిదే.

ఇక్కడ తొందరపడి "పుట్టింది 1876" అని రాసేయకండి. ధాత 1876 ఉగాదికి మొదలై 1877 ఉగాది దాకా నడిచింది. వానలు ఎగ్గొట్టింది ధాతలోనే అయినా, కరువు ఆ తర్వాతి ఈశ్వరలోనూ వదల్లేదు, 1878 దాకా సాగింది. జనం మాత్రం అంతా కలిపి ధాత కరువే అన్నారు. పైగా అవ్వ "పుట్టాడు" అనలేదు, "చంటిబిడ్డ" అంది. అందుకే నా పుస్తకంలో "1875–78 మధ్య, అవ్వ మాట" అని ఉంటుంది. ఆ చివరి రెండు ముక్కలూ తప్పకుండా రాయండి. ఎవరి నోట విన్నారో రాయకపోతే రేపు సరిచూసుకోవడానికి దారుండదు.

ఏడు తేలాక, అప్పట్లో ఊరు ఏ జిల్లాలో ఉండేదో చూడాలి. మాది అనంతపురం జిల్లా. కానీ ఆ జిల్లా ఏర్పడిందే 1882లో, బళ్లారి నుంచి విడదీసి. కరువు నాటి కాగితాలు బళ్లారి పేరు మీదే వెతకాలి.

మీ వైపు గుర్తులు వేరుగా ఉంటాయి. బందరు చుట్టుపక్కల 1864 నవంబరు ఉప్పెన, హైదరాబాదులో 1908 సెప్టెంబరు మూసీ వరద, తెలంగాణ పల్లెల్లో 1948 పోలీసు చర్య, దివిసీమలో 1977 ఉప్పెన.

ఈ వారం అభ్యాసం: ఇంట్లో పెద్దవాళ్లను "ఏ సంవత్సరం?" అని అడగకండి. "పోలీసు చర్యప్పుడు పెద్దనాన్న నడుస్తున్నాడా, ఇంకా పాకుతున్నాడా?" అని అడగండి. వచ్చిన జవాబును వాళ్ల యాసలోనే, అన్నది అన్నట్టు రాసుకోండి.