సైకిల్ తొక్కితే మెడ, భుజాలు నొప్పి పుడుతున్నాయా? సీటు నుంచి మొదలుపెట్టండి

సైకిల్ దిగాక మెడ వెనక పట్టేసినట్టు, భుజాల మీద ఎవరో బస్తా మోపినట్టు ఉంటే చాలామంది ముందు మెడకే మందు రాస్తారు. రెండు రోజులు హాయిగా ఉంటుంది, మళ్ళీ ఎక్కగానే మామూలే. నొప్పి బయటపడేది మెడలోనే గానీ, చాలాసార్లు అది మొదలయ్యేది సీటు దగ్గర, చేతుల దగ్గర. అందుకే ఇక్కడ చెప్పిన వరుస మార్చకండి. ముందు సీటు, తర్వాత హ్యాండిల్, ఆ తర్వాతే మెడ.

మనిషి తల బరువు 4.5 నుంచి 5 కిలోల దాకా ఉంటుంది. నిటారుగా ఉన్నప్పుడు ఆ బరువును వెన్ను మోస్తుంది. హ్యాండిల్ మీదికి వంగినప్పుడు మాత్రం, రోడ్డు కనిపించాలంటే తలను వెనక్కి ఎత్తి పట్టుకోవాలి. ఆ పని మెడ వెనక కండరాలది. మెడ నుంచి భుజం కొస దాకా పరుచుకున్న ట్రెపీజియస్ ఒకటి, దాని కింద మెడ పై ఎముకల నుంచి భుజపు రెక్క లోపలి పైమూలకు దిగే సన్నటి కండరం ఇంకొకటి. వేలితో నొక్కితే ప్రాణం లేచి వచ్చే చోటు సాధారణంగా ఆ మూలే. గంటసేపు కదలకుండా బిగబట్టి ఉంటే ఏ కండరమైనా మొరాయిస్తుంది.

ముందు ఇవి చూసుకోండి

కింద పడ్డాక మొదలైన నొప్పి, చేతిలోకి పాకే తిమ్మిరి లేదా మంట, పట్టు తప్పుతున్న వేళ్ళు, నడకలో తూలడం, జ్వరంతో పాటు మెడ బిగుసుకోవడం ఉంటే సైకిల్ సర్దుబాట్లతో కాలయాపన చేయకుండా డాక్టర్‌కు చూపించుకోండి. భుజం నొప్పితో పాటు ఛాతీలో బరువు, ఆయాసం, చెమటలు పడితే అది అత్యవసరం, క్షణం ఆగకూడదు.

ఇవేవీ లేకపోతే, నొప్పి ఎప్పుడు మొదలవుతుందో గమనించండి. ఎక్కిన పది నిమిషాలకే వస్తోందంటే భుజాలు బిగబట్టి, హ్యాండిల్‌ను గట్టిగా పిసుకుతున్నారన్నమాట. ముప్పావు గంట దాటాక వస్తోందంటే కూర్చునే తీరులో లోపం వెతకాలి. ఒకవైపే వస్తుంటే సీటు పక్కకు తిరిగి ఉందేమో, హ్యాండిల్ చక్రానికి వంకరగా ఉందేమో, బ్యాగు ఎప్పుడూ ఒకే భుజానికి వేస్తున్నారేమో చూడండి. మీరు తొక్కుతుండగా పక్క నుంచి ఎవరినైనా ఒక నిమిషం వీడియో తీయమనండి. మోచేతులు కర్రల్లా నిటారుగా ఉన్నాయా, భుజాలు చెవుల దాకా ఎక్కాయా అన్నది అద్దంలో కన్నా ఇందులో బాగా తెలుస్తుంది.

సీటు

ఎత్తు చూడటానికి గోడకు ఆనుకుని సైకిల్ ఎక్కండి. మడమను పెడల్ మీద పెట్టి దాన్ని అట్టడుగుకు తేవాలి. మోకాలు అప్పుడే నిటారుగా కావాలి. మామూలుగా తొక్కేటప్పుడు పాదం ముందుభాగం పెడల్ మీద ఉంటుంది కాబట్టి మోకాలిలో కొంచెం వంపు మిగులుతుంది. సీటు మరీ ఎత్తుగా ఉంటే నడుము అటూ ఇటూ ఊగుతుంది, ఆ ఊపును ఆపడానికి చేతులు బిగుసుకుంటాయి.

ఎత్తు కన్నా ఎక్కువమంది పొరబడేది వాలు దగ్గర. కూర్చునే చోట ఒత్తిడి తగ్గుతుందని సీటు ముక్కును కిందికి వంచేస్తారు. దాంతో శరీరం మెల్లగా ముందుకు జారుతూ ఉంటుంది. ఆ జారుడును ఆపేవి చేతులే. మోచేతులు బిగుస్తాయి, బరువంతా భుజాల్లోకి ఎక్కుతుంది. కాబట్టి సైకిల్‌ను సమతలంగా ఉన్న నేల మీద నిలబెట్టి, సీటు మీద పొడవుగా ఒక అట్టముక్క పరిచి, దానిపైన రసమట్టం గానీ ఫోన్‌లో మట్టం చూసే యాప్ గానీ పెట్టండి. మట్టంగా ఉండాలి. ముక్కు కిందికి ఒకటి రెండు డిగ్రీలు ఉంటే పర్వాలేదు, అంతకు మించొద్దు.

సరిపోయిందో లేదో తెలుసుకోవాలంటే, కదలని స్టాండ్ మీద తొక్కుతూ రెండు చేతులూ హ్యాండిల్ నుంచి అంగుళం పైకెత్తండి. వెంటనే ముందుకు పడబోతే మీ బరువును చేతులే మోస్తున్నాయి. వాలు సరిగ్గానే ఉన్నా ఇలాగే అయితే, సీటును దాని కింద ఉండే పట్టాల మీద 5 మిల్లీమీటర్లు వెనక్కి జరిపి మళ్ళీ చూడండి. హ్యాండిల్ అందడం లేదని సీటును ముందుకు జరపడం మాత్రం వద్దు. దూరం తగ్గినట్టే ఉంటుంది గానీ చేతుల మీద బరువు ఇంకా పెరుగుతుంది, ఆపైన మోకాళ్ళ నొప్పి కూడా తోడవుతుంది.

హ్యాండిల్

సీటు కుదిరాక కూడా మోచేతులు నిటారుగానే ఉంటే హ్యాండిల్ దూరంగానో కిందికో ఉంది. ముందు ఎత్తు పెంచి చూడండి, దానికి కొత్త సామాను కొననక్కర్లేదు.

పాత తరహా సైకిళ్ళలో హ్యాండిల్‌ను పట్టి ఉంచే స్టెమ్, ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టుకునే భాగం) గొట్టం లోపలికి దిగి ఉంటుంది. పైనున్న బోల్టును మూడు నాలుగు చుట్లు వదులు చేస్తారు, అయినా అది కదలదు. తుప్పు పట్టిందని లాగి పీకుతారు. నిజానికి లోపల చీలలాంటి ముక్క ఒకటి ఇంకా బిగిసే ఉంటుంది. బోల్టు తల మీద చెక్కముక్క పెట్టి సుత్తితో ఒక దెబ్బ వేస్తే అది కిందికి జారి స్టెమ్ వదులవుతుంది. కావలసినంత ఎత్తి, చక్రానికి సూటిగా పెట్టి బిగించండి. స్టెమ్ కనీసం ఎంత లోపల ఉండాలో చూపే గీత దాని మీద చెక్కి ఉంటుంది, అది బయటికి కనిపించకూడదు. కనిపించిందంటే తొక్కుతుండగా స్టెమ్ ఊడి రావచ్చు.

కొత్త తరహా స్టెమ్‌కు పైన ఒక మూత బోల్టు, పక్కన రెండు బోల్టులు ఉంటాయి. స్టెమ్ పైన రింగుల్లాంటి స్పేసర్లు ఉంటే వాటిని కిందికి మార్చొచ్చు. ముందు పక్క బోల్టులు వదులు చేసి, మూత తీసి, స్టెమ్ ఎత్తి, 5 లేదా 10 మిల్లీమీటర్ల స్పేసర్ ఒకటి కింద వేసి మళ్ళీ దించండి. ఈ పని చేస్తున్నంతసేపూ ఫోర్క్ కిందికి జారకుండా ఒక చేత్తో పట్టుకోవాలి. బిగించేటప్పుడు ముందు మూత బోల్టు, తర్వాత పక్క బోల్టులు. ఈ వరుస తలకిందులైతే ఫోర్క్ దగ్గర లొడలొడ మిగిలిపోతుంది. మూత బోల్టు పని బేరింగుల ఆటను తీసేయడమే, స్టెమ్‌ను పట్టి ఉంచడం దాని పని కాదు. దాన్ని బలంగా తిప్పితే హ్యాండిల్ తిరగడమే కష్టమవుతుంది. ముందు చక్రం బ్రేకు పట్టి సైకిల్‌ను ముందుకు వెనక్కి ఊపండి. టకటకమంటే ఇంకా వదులుగా ఉన్నట్టే. పక్క బోల్టులను ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా, స్టెమ్ మీద రాసి ఉన్న బిగింపు అంకె దాకా బిగించండి. చాలా స్టెమ్‌లకు అది 5 న్యూటన్ మీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. కార్బన్ ఫోర్క్ అయితే టార్క్ రెంచ్ (బిగింపు కొలిచే పానా) లేకుండా ముట్టుకోకపోవడమే మేలు.

ఇక్కడితో తీరకపోతే స్టెమ్‌ను తిరగేసి పైకి వాలేలా బిగించొచ్చు, లేదా 10 మిల్లీమీటర్లు పొట్టిది వేయొచ్చు. హ్యాండిల్ మరీ వెడల్పయినా భుజాలు రెండు పక్కలకూ లాగినట్టు ఉంటాయి. దాన్ని కోయించే ముందు గ్రిప్పులను, బ్రేక్ లివర్లను లోపలికి జరిపి వారం తొక్కి చూడండి. కోసేసింది అతకదు కదా.

బ్రేక్ లివర్లు కూడా చూడండి. వేళ్ళు వాటి మీద పెట్టినప్పుడు ముంజేయి, మణికట్టు, వేళ్ళు ఒకే వరుసలో ఉండాలి. మణికట్టు పైకి విరిగినట్టు ఉంటే లివర్లు మరీ పైకి ఉన్నాయి.

తల, వీపు

హెల్మెట్ అంచు కనుబొమలకు రెండు వేళ్ళ పైన ఉండాలి. హెల్మెట్ ముందు అంచు, టోపీ కప్పు, జారే కళ్ళద్దాలు, ఏది చూపుకు అడ్డొచ్చినా ఆ మేరకు తలను ఇంకా వెనక్కి ఎత్తాల్సిందే. హెల్మెట్‌కు టోపీ అంచులాంటి కప్పు ఉంటే పీకేసి ఒకరోజు తొక్కి చూడండి, తేడా ఆరోజే తెలుస్తుంది. వీపు సంచిని వెనక క్యారియర్‌కు మార్చండి. టైర్లు రాయిలా గట్టిగా ఉంటే, టైరు పక్కన రాసిన కనిష్ఠ గాలికి తగ్గకుండా కొంచెం దించండి.

తొక్కేటప్పుడు

పది నిమిషాలకోసారి హ్యాండిల్ మీద చేతుల చోటు మార్చండి. బ్రేకు వేసిన ప్రతిసారీ ఊపిరి వదులుతూ భుజాలను కిందికి జార్చడం అలవాటు చేసుకుంటే వేరే గుర్తు అక్కర్లేదు. వేళ్ళు ఆడించగలిగేంత వదులుగా పట్టు, మోచేతుల్లో కొంచెం వంపు. దూరం చూడటానికి గడ్డం కన్నా ముందు కళ్ళు ఎత్తండి.

ఇంటి దగ్గర

నొప్పి తాజాగా ఉంటే రెండు మూడు రోజులు దూరం తగ్గించి, 15 నిమిషాలు వేడి కాపడం పెట్టండి. మెడను టక్కున విరవొద్దు. కుదుటపడ్డాక రోజూ ఇవి చేయండి. గోడకు వీపు ఆనించి నిలబడి, తల వంచకుండా గడ్డాన్ని వెనక్కి లాగి 5 సెకన్లు ఆపాలి, పదిసార్లు. తర్వాత కూర్చుని తలను కుడి చంక వైపు వంచి, కుడి చేత్తో తల వెనక మెత్తగా ఆపి 30 సెకన్లు ఉంచాలి, ఎడమకూ అంతే. చేతిలోకి జుమ్మని పాకితే ఆపేయండి. చివరగా రబ్బరు పట్టీని తలుపు గొళ్ళేనికి తగిలించి, మోచేతులు వెనక్కి లాగుతూ భుజపు రెక్కలను దగ్గరికి తేవాలి. 12 చొప్పున రెండు విడతలు, వారానికి మూడు రోజులు చాలు. సాగదీయడం హాయినిస్తుంది గానీ, గంటసేపు తలను మోసే సత్తువ వచ్చేది ఈ చివరిదాంతోనే.

సైకిల్ మీద ఒకసారికి ఒక్క మార్పే చేయండి, దాంతో కనీసం మూడుసార్లు తొక్కాకే రెండోది. ప్రతి మార్పుకూ ముందు సీటు గొట్టం మీద, పట్టాల మీద, హ్యాండిల్ మీద టేపు ముక్కతో పాత చోటు గుర్తు పెట్టుకోండి. మార్చాక నొప్పి ఎక్కువైతే ఆ గుర్తుకే మళ్ళీ తెచ్చేయొచ్చు.